శ్రీ రామకృష్ణ పరమహంస: ఉన్మాదమా, మహాభావమా?

వంగదేశమున హుగ్లీ జిల్లాలోని కామార్పుకూరు గ్రామమందు 1836వ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేదీన క్షుదిరామ చటోపాధ్యాయ, చంద్రమణీదేవి దంపతులకు గదాధరుడు జన్మించెను. ఇతడే రామకృష్ణ పరమహంస నామమున జగద్విఖ్యాతుడయ్యెను. లోకము పరమహంసయని కొనియాడు నీ మహనీయుని యౌవనమున జనులు పిచ్చివాడనిరి. ఆ వృత్తాంతము మిక్కిలి విచారింపదగినది.

1855లో రాణీ రాసమణి కలకత్తా సమీపమున గంగాతీరమందు దక్షిణేశ్వర కాళికాలయమును ప్రతిష్ఠింపగా, గదాధరుని అన్న రామకుమారుడు అర్చకుడయ్యెను. అన్నగారు మరుసటి యేట గతించెను. పూజాభారము తమ్మునిపై బడెను. జగన్మాతను ప్రత్యక్షముగా చూడవలెనను తపన ఆ యువకుని దహించివేసెను. నిద్రాహారములు తొలగెను. నేలపైబడి తల్లిని పిలుచుచు రోదించుచుండెను. దర్శనము లేని బ్రదుకు వలదని ఒకనాడు ఆలయమందలి ఖడ్గమునకై చేయిచాచెననియు, ఆ క్షణముననే తేజోమయమైన దర్శనము లభించెననియు శిష్యులు వ్రాసిరి. అటు పిమ్మటను తాపము చల్లారలేదు. ఒడలెల్ల మంటలు పుట్టుచుండెను. దేవికి నివేదింపవలసిన పదార్థమును పిల్లికి బెట్టుట చూచి, ఆలయోద్యోగులు రాణిగారి అల్లుడగు మథురానాథునకు మొరపెట్టుకొనిరి.

ఇట్టి స్థితిని చూచి పరిసరములవారు భీతిల్లుటలో తప్పులేదు. మథురానాథుడు ఆయనను తూలనాడలేదు, వెళ్లగొట్టలేదు. ప్రసిద్ధ వైద్యుడగు గంగాప్రసాద సేనునిచే చికిత్స చేయించెను. కుమారుని గూర్చి విన్న తల్లి ఆయనను ఇంటికి రప్పించి, 1859లో నాటి ఆచారము ననుసరించి జయరాంబాటి గ్రామమునకు చెందిన ఐదేండ్ల శారదామణితో వివాహము జరిపించెను. సంసారబంధముచే మనస్సు కుదుటపడునని ఆమె యాశ. ఆయన దక్షిణేశ్వరమునకు మరలినంతనే వెనుకటి యవస్థ తలయెత్తెను.

1861లో భైరవీ బ్రాహ్మణియను తంత్రశాస్త్ర విదుషి అచటికి వచ్చెను. ఆయన తన లక్షణములన్నియు ఆమెకు విన్నవించి, తనకు నిజముగా పిచ్చిపట్టినదా యని పసిబిడ్డవలె అడిగెను. ఆమె గ్రంథములతో పోల్చిచూచి, ఇది చైతన్య ప్రభువునకు కలిగిన మహాభావమువంటిదని నిర్ణయించెను. తన మాటనే ప్రమాణముగా గొనుమనక, పండితులను పిలిపించి పరీక్షింపుడని కోరెను. వైష్ణవచరణుడు మున్నగు పండితులు ఆమె నిర్ణయమునకు సమ్మతించిరి. ఒడలి మంటకు చందనలేపనము చేయించి, పూలమాలలు ధరింపజేయగా కొలది దినములలో అది యుపశమించెను.

అయినను ఊరివారి నోళ్లు మూతపడలేదు. పిచ్చివాని భార్యయని వారు జాలిపడుచుండ, యౌవనమున నడుగిడిన శారదామణి నిజమేమో కనులార చూచుటకై 1872లో తండ్రితో కాలినడకన బయలుదేరెను. దారిలో జ్వరపీడితయై దక్షిణేశ్వరము చేరిన యామెను భర్త ఆదరించి, తన గదియందే పడుకయేర్పరచి, పథ్యపానములు స్వయముగా విచారించెను. ఇట్టి వివేకము, ఇట్టి దయ గలవాడు పిచ్చివాడు కాడని ఆ తల్లి గ్రహించెను. పండితసభ గ్రంథములవలన తేల్చినదానిని ఆమె నడవడివలన తేల్చుకొనెను.

1885లో కంఠమున వ్రణము పుట్టగా, పరమహంస వైద్యమును నిరాకరింపలేదు. డాక్టరు మహేంద్రలాల్ సర్కారుచే చికిత్స పొందెను. 1886 ఆగస్టు 16వ తేదీన కాశీపుర ఉద్యానగృహమున మహాసమాధి నొందెను.

శారదాదేవి జీవితమున నిజమైన ఉన్మాదమును సైతము చూచెను. ఆమె తమ్ముడు 1899లో మరణింపగా, అతని భార్య మతిచలించెను. ఆ యిల్లాలు తిట్టినను కొట్టవచ్చినను శారదాదేవి దానిని దైవావేశమని పూజింపనులేదు, అవమానమని దాపనులేదు, ఆమెను విడువనులేదు. ఆమె పసిబిడ్డను కన్నకూతురివలె పెంచెను.

భక్తుని పిచ్చివాడని పరిహసించుట అన్యాయము. మనోవ్యాధి పీడితుని పూనకము వచ్చినవాడని వైద్యునకు చూపకుండుట అంతకంటె అన్యాయము. మనోవ్యాధియు జ్వరమువలె వ్యాధియేయనియు, దానికి చికిత్స కలదనియు నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది. ఎవరి యింట నిట్టి కష్టము కలిగినను మథురానాథుని ఓర్పు, శారదామాత కరుణ మార్గదర్శకములగు గాక!