దుర్గారామ మెహతాజీ - సూరతు పాఠశాల

ఆధునిక గుజరాతీ గద్య చరిత్రమున తొలి పుటలలోనే సూరతు నగరపు బడిపంతు లొకడు కానవచ్చును. ఆయన దుర్గారామ మంఛారామ దవే. గుజరాతీలో మెహతాజీ యనునది ఉపాధ్యాయునకు గౌరవవాచకము. మన పంతులుగారు అను మాట వంటిది. దుర్గారామునకు ఆ మాటయే ఇంటిపేరువలె స్థిరపడిపోయెను. ఆయన స్థాపించిన సభ ఎనిమిదేండ్లకు మించి నిలువలేదు. అయినను గుజరాతు సంఘసంస్కరణ చరిత్రము ఆయనతోనే ప్రారంభమగుచున్నది. ఈ రెండు విషయములకును గల సంబంధమే ఆయన జీవితమున ముఖ్యముగ గమనింపదగినది.

దుర్గారాముడు 1809వ సంవత్సరమున సూరతులో నాగర బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. ఆ కాలమున నగరమునందలి విద్య ఖానగీ బడులలోనే సాగుచుండెను. బడి నడుపుట పలుచోట్ల కుటుంబవృత్తి. తండ్రి తరువాత కుమారుడు ఆ అరుగుమీదనే కూర్చుండి చెప్పుచుండెడివాడు. పలకపై పొడి చల్లి అక్షరములు దిద్దించుట, గుణకారపు టెక్కములతోపాటు పాతిక, అర, ముప్పాతికల ఎక్కములను కూడ కంఠస్థము చేయించుట, వర్తకమునకు కావలసిన లెక్కలను నేర్పుట - ఇదియే పాఠక్రమము. పిల్లలు తెచ్చిన ధాన్యమును, పండుగ కానుకలును పంతులకు జీవనాధారములు. అచ్చుపుస్తకము ఆ బడికి తెలియదు. మన వీధిబడుల నెరిగినవారికి ఈ చిత్రము క్రొత్తది కాదు. సూరతు వంటి వర్తకనగరమునకు ఈ విద్య చాలియుండెను. కాని ప్రపంచమునుగూర్చి ప్రశ్నించుటకు అందు తావు లేకుండెను.

ఎల్ఫిన్‌స్టన్ గవర్నరుగా నున్న కాలమున బొంబాయిలో దేశభాషలయందు పాఠ్యగ్రంథములను సిద్ధపరచి ఉపాధ్యాయులకు శిక్షణ మొసగు సంఘ మొకటి ఏర్పడెను. కెప్టెన్ జార్జి జర్విస్ పర్యవేక్షణమున మొదట మరాఠీలో వెలువడిన గ్రంథములు గుజరాతీలోనికి అనువదింపబడెను. భరూచివాడైన రణఛోడదాస గిరిధరభాయి ఝవేరి ఈ అనువాదములందును, ఉపాధ్యాయ శిక్షణమునందును ప్రధానముగ పాటుపడెను. దుర్గారాముడు యుక్తవయస్సున బొంబాయి చేరి అచ్చట శిక్షణము పొందెను. 1826లో గుజరాతునందు క్రొత్త పాఠశాలలు తెరవబడినపుడు ఆయన స్వనగరమునకే ఉపాధ్యాయుడై వచ్చెను. అప్పటి కాయన వయస్సు ఇరువదియేండ్లకు లోపలనే. 1833లో జన్మించి తరువాత గుజరాతీ సాహిత్యమున యుగకర్త యనిపించుకొన్న నర్మదాశంకరుడు బాల్యమున కొంతకాలము ఆ పాఠశాలలో చదువుకొనెను.

పాఠశాల గోడలు దుర్గారామునకు చాలలేదు. 1842లో ఆయన మిత్రులతో కలిసి పుస్తక ప్రసారక మండలి నేర్పరచి, శిలాముద్రణ యంత్రము సాయమున గ్రంథప్రచారమునకు పూనుకొనెను. ఈ మిత్రులలో దాదోబా పాండురంగ తర్ఖడకరు ముఖ్యుడు. 1836లో మరాఠీ వ్యాకరణమును ప్రకటించిన ఈ పండితుడు అప్పుడు సూరతు ఆంగ్ల పాఠశాలలో ఉపాధ్యాయుడు. ఒకరు గుజరాతీవారు, ఒకరు మరాఠీవారు; వారిని కలిపినది ఉపాధ్యాయవృత్తి.

వీరి ప్రయత్నమున 1844 జూన్ 22వ తేదీన మానవధర్మ సభ స్థాపింపబడెను. దేవు డొక్కడే యనియు, మనుష్యు లందరిది ఒకే జాతి యనియు, కులభేదము మానవకల్పిత మనియు ఆ సభ బోధించెను. మంత్రగాండ్రు తమ శక్తిని బహిరంగముగ నిరూపింపవలెనని దుర్గారాముడు సవాలు చేసెను. వితంతు వివాహము న్యాయమని వాదించెను. వితంతు వివాహమును చట్టసమ్మతము చేసిన శాసనము వచ్చినది 1856లో; ఆయన వాదము అంతకు పదియేండ్లకు పైగా ముందటిది. కులపెద్దల ఆగ్రహము బహిష్కారముగ పరిణమింపగల కాలమున, స్వల్పజీతముపై ఆధారపడిన పంతులు ఇట్లు నిలుచుట సామాన్య విషయము కాదు.

కాని సభ ఇద్దరు ఉపాధ్యాయుల ఉద్యోగములపై ఆధారపడి యుండెను. 1846లో దాదోబా బొంబాయికి మరలెను. 1852లో దుర్గారాముడు ఉద్యోగరీత్యా రాజకోట చేరెను. దానితో సభ అంతరించెను. ప్రతిపక్షుల యెదిరింపున కాక, నడుపువారు లేమిచే అది నశించెను. దానికి సొంత భవనమును, నిధియు, వారసులును లేవు. తండ్రి బడిని కుమారుడు నిలుపుకొన్న పాత పద్ధతిలో భావము మారలేదు గాని సంస్థ నిలిచెను. ఇచ్చట భావము మారెను గాని సంస్థ నిలువలేదు.

ఈ సందర్భమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు జ్ఞప్తికి వచ్చుట సహజము. ఆయనయు ఉపాధ్యాయుడే. 1874లో ధవళేశ్వరమున బాలికా పాఠశాల నెలకొల్పెను. ఆ సంవత్సరమే వివేకవర్ధనిని ప్రారంభించెను. బడి, పత్రిక, వితంతు వివాహము అను మార్గములు ఇద్దరికిని సన్నిహితములే. అయితే 1906లో పంతులుగారు హితకారిణీ సమాజమును స్థాపించి, తమ యాస్తిని దానికి సమర్పించిరి. అందుచేత ఆ దంపతుల కృషి వారి జీవితకాలముతో ముగియలేదు. సూరతు పంతులకు లేకపోయినది ఈ యేర్పాటే.

దుర్గారాముడు 1876లో మరణించెను. 1843-45 ప్రాంతమున ఆయన వ్రాసికొన్న దినచర్యలోని విషయములు, ఆయన ప్రభావమున పెరిగిన మహీపత్రామ రూప్‌రామ నీలకంఠుడు 1879లో ప్రకటించిన జీవితచరిత్రము మూలముగ మనకు దక్కినవి. నర్మదుడు తన యాత్మకథను వ్రాసినది 1866లో. గుజరాతీలో స్వీయానుభవమును గద్యమున లిఖించు ప్రయత్నము దానికి రెండు దశాబ్దములకు ముందే ఈ పంతులు చేతిలో మొదలైనదని దీనివలన తెలియుచున్నది. పాఠ్యగ్రంథముల కొఱకు మలచబడిన గద్యము సభలో వాదమునకును, దినచర్యలో ఆత్మపరీక్షకును ఉపయోగపడెను. సంస్థ పోయినను ఆ గద్యము మిగిలెను. భారతీయ భాషల గద్యోదయమును పోల్చి చూచువారు ముద్రణాలయముల లెక్కతోపాటు ఇట్టి బడుల చరిత్రమును కూడ సేకరింపవలసి యున్నది.