గడీల పాలనపై పిడికిలెత్తిన బొల్లేపల్లి బిడ్డ

భువనగిరి: భూస్వామి ఇంట జన్మించి భూమిలేని నిరుపేదల పక్షాన నిలిచిన మహానాయకుడు రావి నారాయణరెడ్డి. భువనగిరి ప్రాంతంలోని బొల్లేపల్లి గ్రామంలో 1908 జూన్‌లో ఆయన జన్మించారు. నిజాం నిరంకుశ పాలన కూలిన కథలో ఆయన జీవితం విడదీయరాని అధ్యాయం.

నాటి హైదరాబాద్ సంస్థానంలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ మాటే శాసనం. పల్లెల్లో దేశ్‌ముఖ్‌లు, జాగీర్దార్లదే పెత్తనం. వెట్టిచాకిరీ, నాగువడ్డీ, అక్రమ బేదఖళ్లతో రైతులు, వృత్తిదారులు నలిగిపోయేవారు. సభ జరపాలన్నా సర్కారు అనుమతి తప్పనిసరి.

విద్యార్థి దశలోనే నారాయణరెడ్డి జాతీయోద్యమం వైపు ఆకర్షితులయ్యారు. 1930లో కాకినాడ వెళ్లి ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొన్నారు. అనంతరం హరిజన సేవలో నిమగ్నమయ్యారు. 1938లో స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహంలో పాల్గొని జైలుకెళ్లారు.

1941లో చిలుకూరు, 1944లో భువనగిరి ఆంధ్ర మహాసభలకు ఆయనే అధ్యక్షులు. అప్పటివరకు విద్యావంతుల వేదికగా ఉన్న మహాసభ భువనగిరితో పల్లె జనం సంఘంగా మారింది. సంఘం పేరు చెబితే గడీలు ఉలిక్కిపడే రోజులు వచ్చాయి.

1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాలకు దొడ్డి కొమరయ్య నేలకొరిగారు. ఆ నెత్తురు ఉద్యమాన్ని రగిలించింది. దేశానికి స్వాతంత్య్రం వచ్చినా నిజాం భారత్‌లో చేరలేదు. రజాకార్ల దాడులు పెచ్చరిల్లాయి. 1947 సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. సుమారు 3 వేల గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పంచినట్లు కమ్యూనిస్టు పార్టీ లెక్కలు చెబుతున్నాయి. నారాయణరెడ్డి తన సొంత భూములను సైతం పేదలకు పంచారు.

1948 సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయారు. అసలైన పరీక్ష అప్పుడే ఎదురైంది. నిజాంపై ఎత్తిన తుపాకీని భారత సైన్యంపైనా ఎక్కుపెట్టాలా అన్న ప్రశ్న పార్టీని చీల్చింది. రాజు పోయిన తర్వాత సాయుధ పోరు కొనసాగితే ప్రాణనష్టమే మిగులుతుందని నారాయణరెడ్డి వాదించారు. పిలుపునిచ్చిన నాయకుడే విరమించాలనడం సహచరుల్లో చాలామందికి రుచించలేదు. అయినా ఆయన వెనక్కి తగ్గలేదు. చివరకు 1951 అక్టోబర్ 21న పార్టీ పోరాటాన్ని విరమించింది. అప్పటికి వేలాది మంది అసువులు బాశారు.

1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లో కమ్యూనిస్టు పార్టీపై సంస్థానంలో నిషేధం ఉండటంతో ప్రజాస్వామిక ఫ్రంట్ తరఫున నల్గొండ లోక్‌సభ స్థానంలో పోటీచేశారు. అది ద్విసభ్య నియోజకవర్గం. అక్కడ 3 లక్షలకు పైగా ఓట్లు సాధించి, నెహ్రూను మించిన ఓట్లతో దేశం దృష్టిని ఆకర్షించారు. తుపాకీ దించమన్న నాయకుడిని జనం మరువలేదని ఆ తీర్పు చాటింది.

1991 సెప్టెంబర్ 7న ఆయన కన్నుమూశారు. మరుసటి ఏడాది కేంద్రం మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించింది. పోరాటం ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో తెలిసిన నాయకుడిగా రావి నారాయణరెడ్డి చరిత్రలో నిలిచిపోయారు.