కుదుపును కొలిచిన రాబర్ట్ హుక్

రాబర్ట్ హుక్ పేరు మనం బడిలో రెండుసార్లు వింటాం. జీవశాస్త్రంలో కణం గురించి చదివేటప్పుడు ఒకసారి, పై తరగతుల భౌతికశాస్త్రంలో స్ప్రింగు సూత్రం దగ్గర మరోసారి. ఆ రెండూ ఒక్క మనిషి చేసిన పనులని మనలో చాలామందికి తట్టదు. ఆయన బండ్ల కుదుపు తగ్గించడానికి కూడా పాటుపడ్డారన్న సంగతి ఇంకా తక్కువమందికి తెలుసు. అమ్మకో నాన్నకో బదిలీ అయిన ప్రతిసారీ సామాను లారీకెక్కించి ఊరు మారే మనకు ఆయన కథ దగ్గరగా అనిపిస్తుందని ఇక్కడ చెబుతున్నాం.

హుక్ పుట్టడానికి ఇరవై ఏళ్ల ముందు, 1615లో, ఇంగ్లండు రాయబారి సర్ థామస్ రో మన సూరత్ దగ్గరి సువాలి రేవులో దిగారు. హజీరా వైపు ఆ సువాలి తీరం ఇప్పటికీ ఉంది. జహంగీరు చక్రవర్తికి కానుకగా ఆ ఓడల్లో ఒక గుర్రపు బండి వచ్చింది. చక్రవర్తికి అది ఎంతో నచ్చి, మన పనివాళ్లచేత అలాంటిదే ఇంకొకటి చేయించుకున్నారు. ఎంత ఖరీదైన బట్ట పరిచినా ఆ రోజుల్లో బండ్లకు ఉక్కు స్ప్రింగులు పెట్టే అలవాటు లేదు. చక్రం రాయెక్కితే రాజుకైనా నడుము కదిలిపోవలసిందే. ఆ బాధకు విరుగుడు వెతికిన తొలి శాస్త్రజ్ఞుల్లో హుక్ ఒకరు.

ఆయన 1635 జూలై 18న ఇంగ్లండుకు దక్షిణాన ఉన్న వైట్ ద్వీపంలో, ఫ్రెష్‌వాటర్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి జాన్ హుక్ అక్కడి చర్చిలో మతగురువు. పిల్లవాడు చాలా బలహీనంగా ఉండేవాడు. తరచూ తలనొప్పి రావడంతో చదువు సరిగా సాగలేదు. దాంతో ఎక్కువ సమయం తన ఆటల్లో తానే ఉండేవాడు. ఒకసారి ఎవరో ఇత్తడి గడియారాన్ని విప్పుతుంటే చూసి, చెక్కతో అలాంటిదే చేశాడు. అది నడిచింది కూడా. ఇంకోసారి చిన్న ఓడ బొమ్మ చేసి, దానికి పేలే ఫిరంగులు అమర్చాడు.

పదమూడేళ్లకే తండ్రి పోయారు. చేతిలో ఉన్న కొద్ది డబ్బుతో లండన్ చేరి, పీటర్ లీలీ అనే పేరున్న చిత్రకారుడి దగ్గర పని నేర్చుకోబోయాడు. రంగుల వాసన పడలేదు. తర్వాత వెస్ట్‌మినిస్టర్ బడిలో చేరాడు. ప్రధానోపాధ్యాయుడు బస్బీ అతని తెలివిని గుర్తించి తన ఇంట్లోనే ఉంచుకున్నారు. యూక్లిడ్ రేఖాగణితంలో ఆరు భాగాలను అతను వారం రోజుల్లో నేర్చేశాడని ఆయన్ను ఎరిగినవారు రాసిపెట్టారు. అయితే యవ్వనంలోనే వెన్ను వంగిపోయింది. ఆ నొప్పి జీవితాంతం వెంట ఉంది.

ఆక్స్‌ఫర్డులో చదువుతూ, రాబర్ట్ బాయిల్ గారి దగ్గర సహాయకుడిగా చేరారు. గాలి పీడనం మీద బాయిల్ చేసిన ప్రయోగాలకు గాలి పంపు తయారుచేసినది హుక్ చేతులే. 1662లో రాయల్ సొసైటీ ఆయన్ను ప్రయోగాల నిర్వాహకుడిగా పెట్టుకుంది. ప్రతి సమావేశానికీ కొత్త ప్రయోగాలు సిద్ధం చేసి సభ్యుల ముందు చూపించాలి. ఈవారం ఊపిరితిత్తులు, వచ్చేవారం వానకొలత, ఆపైవారం దుర్భిణి. 1665లో అచ్చయిన మైక్రోగ్రాఫియా పుస్తకంతో ఆయన పేరు ఊరంతా తెలిసింది. బెండు ముక్కలో కనిపించిన చిన్నచిన్న గదులకు సెల్ అని పేరు పెట్టింది ఆ పుస్తకంలోనే.

సరిగ్గా అదే సంవత్సరం బండి పని మొదలైంది. 1665 మే 1న హుక్, మరికొందరు సొసైటీ సభ్యులు లండన్ శివార్లలోని కల్నల్ బ్లౌంట్ అనే ఆయన ఇంటికి వెళ్లారు. కుదుపు తగ్గించడానికి రకరకాలుగా కట్టిన బండ్లను అక్కడ ఒక్కొక్కటిగా నడిపి చూశారు. ఆ రోజు వారితో ఉన్న శామ్యూల్ పెపిస్ తన డైరీలో, ఒక బండి చాలా హాయిగా నడిచిందని రాసుకున్నారు. ఆ వేసవిలో లండన్‌ను ప్లేగు చుట్టుముట్టింది. హుక్, మరో ఇద్దరు మిత్రులు ఎప్సమ్ దగ్గరి ఒక పెద్ద ఇంటికి తరలివెళ్లారు. ఊరు మారినా పని ఆపలేదు. అక్కడ కూడా కొత్త రకం బండ్ల మీదే కుస్తీ పట్టారు.

బండి హాయిగా ఉందో లేదో కూర్చుని చూస్తే తెలుస్తుంది. ఎందుకు హాయిగా ఉందో తెలియాలంటే మాత్రం కొలవాలి. ఆ కొలత హుక్ చేశారు. చుట్ట తిరిగిన తీగ, గడియారపు స్ప్రింగు, ఇరవై ముప్పై అడుగుల పొడవున్న తీగ, ఎండిన చెక్క బద్ద, ఇలా ఒక్కొక్కదానికీ బరువులు వేలాడదీసి ఎంత సాగిందో, ఎంత వంగిందో గుర్తు పెట్టుకున్నారు. బరువు రెండింతలైతే సాగడమూ రెండింతలు, మూడింతలైతే మూడింతలు. అన్నింటిలోనూ ఇదే లెక్క. ఈ సూత్రాన్ని 1676లో ఒక పుస్తకం చివర 14 అక్షరాల చిక్కుముడిగా అచ్చువేశారు. ఎవరైనా తమదని చెప్పుకుంటారేమోనని భయం. 1678లో ముడి విప్పి, బలం ఎంతో సాగుదల అంత అనే అర్థాన్ని బయటపెట్టారు.

ఈ ఒక్క లెక్క ఈనాటికీ ఎలా పనిచేస్తుందో చూద్దాం. కొండదారుల్లో, వాగుల్లో తిరిగే పికప్ బండ్లకు కొందరు ముందు చక్రాల దగ్గర కాయిలోవర్ అనే అమరికను ప్రత్యేకంగా చేయించుకుంటారు. షాకబ్జార్బర్ చుట్టూ చుట్ట స్ప్రింగు తొడిగితే అదే కాయిలోవర్. కట్టేవారు ముందు బరువు చూస్తారు. ఒక స్ప్రింగు మీద 400 కిలోలు పడితే అది 10 సెంటీమీటర్లు నొక్కుకుపోయిందనుకుందాం. అంటే సెంటీమీటరుకు 40 కిలోలు. బండి ముందు భాగంలో బరువైన బంపరు బిగించి, ఆ స్ప్రింగు మీద ఇంకో 80 కిలోలు పెంచితే మరో 2 సెంటీమీటర్లు దిగుతుంది. అలాంటివే రెండు స్ప్రింగులు ఒకదాని మీద ఒకటి పెడితే ప్రతిదాని మీదా పూర్తి బరువు పడుతుంది, రెండూ నొక్కుకుంటాయి. కాబట్టి సెంటీమీటరుకు 20 కిలోలే చాలు, బండి మెత్తబడుతుంది. కాయిలోవర్ మీద మర ఉన్న కాలరు తిప్పితే బండి ఎత్తు మారుతుంది కానీ స్ప్రింగు గట్టితనం మారదు. గట్టితనం మారాలంటే స్ప్రింగునే మార్చాలి.

మన సామాను దింపేసి వెళ్లే ఖాళీ లారీ ఎందుకంతగా ఎగిరెగిరి పడుతుందో కూడా ఈ లెక్కే చెబుతుంది. దాని కమాన్లు టన్నుల బరువుకు తగ్గట్టు కట్టినవి. ఖాళీ బండి బరువుకు అవి సరిగా వంగవు, అందుకే గతుకు నేరుగా పైకి తగులుతుంది.

స్ప్రింగు ఒక్కటే ఉన్నా చాలదు. ఒకసారి నొక్కుకున్న స్ప్రింగు పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును ఆపడానికి షాకబ్జార్బర్ కావాలి. అందులోని నూనె సన్నని రంధ్రాల గుండా దూరుతూ ఊపులోని శక్తిని వేడిగా మార్చేస్తుంది. ఇది హుక్ కాలానికి చాలా తర్వాత వచ్చింది. 1940లలో అమెరికా ఇంజనీరు అర్ల్ మాక్‌ఫర్సన్ చుట్ట స్ప్రింగునూ షాకబ్జార్బరునూ ఒకే కాడగా కలిపి కార్లకు అమర్చే పద్ధతి రూపొందించారు. ఇవాళ మన రోడ్ల మీద తిరిగే ఎన్నో కార్ల ముందు చక్రాలకు ఉన్నది అదే.

హుక్ పేరు బండిలో ఇంకోచోట కూడా ఉంది. గేర్‌బాక్సు నుంచి వెనక చక్రాలకు శక్తి తీసుకెళ్లే పొడవైన కడ్డీకి ఉండే యూనివర్సల్ జాయింటును హుక్ జాయింట్ అని కూడా అంటారు. ఆ ఆలోచన అంతకుముందే ఉన్నా, దాన్ని తీర్చిదిద్ది వివరించినది ఆయన. స్ప్రింగు మీద ఇరుసు పైకీ కిందికీ కదులుతున్నా తిరిగే శక్తి తెగకుండా చేరేది దానివల్లే.

1666లో లండన్ నగరం తగలబడిపోయింది. కాలిన వీధులను కొలిచి, ఎవరి స్థలం ఎంతో గుర్తు పెట్టే సర్వేయర్లలో హుక్ ఒకరయ్యారు. మిత్రుడు క్రిస్టఫర్ రెన్‌తో కలిసి ఆ అగ్నిప్రమాదానికి గుర్తుగా 202 అడుగుల స్తంభం కట్టించారు. అది 1677లో పూర్తయింది. దాన్ని శాస్త్ర ప్రయోగాలకు కూడా వాడుకోవాలనుకున్నారు. కింద తిరిగే బండ్ల అదురు వల్ల అది కుదరలేదు. కుదుపు ఆయన్ను అక్కడ కూడా వదల్లేదు.

ఇన్ని చేసిన మనిషికి పేరు ఎందుకు తక్కువగా మిగిలింది? ఒక పని పూర్తిగా రాసిపెట్టకముందే ఇంకో పనిలోకి దూకేవారు. 1675లో హైగెన్స్ స్ప్రింగుతో వేగాన్ని అదుపుచేసే జేబు గడియారం ప్రకటించగానే, అది తాను ఏనాడో ఆలోచించినదేనని హుక్ వాదించారు. ఆకర్షణ సూత్రం విషయంలో న్యూటన్‌తోనూ తగువు పడ్డారు. కోపం, అనుమానం వయసుతో పాటు పెరిగాయి. 1703 మార్చి 3న కన్నుమూశారు. అదే ఏడాది న్యూటన్ రాయల్ సొసైటీ అధ్యక్షుడయ్యారు. అందరూ ఒప్పుకునే హుక్ చిత్రం ఈనాడు ఒక్కటి కూడా లేదు. ఆయన చేతిరాతలో ఉన్న సొసైటీ సమావేశాల వివరాలు, అయిదువందలకు పైగా పుటలు, 2006లో ఇంగ్లండులోని ఒక ఇంటి అల్మారాలో దొరికి మళ్లీ సొసైటీకి చేరాయి.

వంగిన వెన్నుతో, తగ్గని తలనొప్పితో ఆయన కొలవడం మానలేదు. అది మనం నేర్చుకోవాలి. కొలిచినదాన్ని అప్పటికప్పుడు పూర్తిగా రాసి అందరికీ చెప్పాలన్నది ఆయన పొరపాటు నుంచి నేర్చుకోవాలి. పాత స్కేలు, పెన్నులోని స్ప్రింగు, ఒకే రకం నాణేలు కొన్ని ఉంటే చాలు. ఒక్కొక్క నాణెం పెంచుతూ స్ప్రింగు ఎంత మారిందో మీ నోటుపుస్తకంలో రాసి చూడండి. తేదీ వేయడం మరిచిపోవద్దు.