తార్కికుడు అన్నంభట్టు

కాశికి పోయినంతమాత్రమున ప్రతి విప్రుడును అన్నంభట్టు కాజాలడని పండితలోకమున నొక నానుడి కలదు. ఒక శాస్త్రకారుని పేరు పాండిత్యమునకు కొలబద్దయై లోకోక్తిలో నిలుచుట అరుదు. ఆ గౌరవము నందినవాడు తెలుగువాడు. ఆయన చెప్పినదేమో తెలిసికొనక పేరు మాత్రము చెప్పుకొని గర్వించుట మనకు తగదు.

అన్నంభట్టు 17వ శతాబ్దమువాడు. అద్వైతవిద్యాచార్యుడని కీర్తి గాంచిన రాఘవసోమయాజి వంశమున తిరుమలాచార్యునకు కుమారుడు. కాశీక్షేత్రమున స్థిరపడి బహుశాస్త్రములలో గ్రంథములను రచించెను. పాణిని సూత్రములకు మితాక్షర యను వృత్తిని, కైయటుని ప్రదీపమునకు ఉద్ద్యోతనమును వ్రాసెను. మీమాంసా వేదాంతములను గూడ వ్యాఖ్యానించెను. అయినను ఆయన నేటికిని జీవించియుండుట ఒక చిన్న పొత్తము వలననే. వైశేషికుల సప్తపదార్థములను, నైయాయికుల ప్రమాణములను ఒక్కచోట కూర్చిన ఆ పొత్తమే తర్కసంగ్రహము. దానికి దీపిక యను వ్యాఖ్యను తానే సంతరించెను.

బాలుర సౌకర్యమునకై దీనిని రచించినట్లు గ్రంథారంభమున తెలిపెను. బాలుడనగా పాలు త్రాగు శిశువు కాదు, వ్యాకరణ కావ్యాదుల నభ్యసించి తర్కము నింకను అభ్యసింపనివాడని వ్యాఖ్యాతలు వివరించిరి. ఆ లెక్కను పట్టభద్రులమైన మనలో పెక్కురము బాలురమే.

లక్షణమునకు మూడు దోషములుండవచ్చునని దీపిక బోధించును. కపిలవర్ణము గలది గోవనినచో తెల్లయావు విడిపోవును, ఇది అవ్యాప్తి. కొమ్ములు గలది గోవనినచో గేదెయు వచ్చి చేరును; ఇది అతివ్యాప్తి. ఒంటిడెక్క గలది గోవనినచో లోకమున నొక్క గోవును దొరకదు, ఇది అసంభవము. శాసనముల ముసాయిదాలు వ్రాయువారు ప్రతి నిర్వచనమును ఈ మూడింటితో పరీక్షించినచో పెక్కు వ్యాజ్యములు పుట్టకయే పోవును.

ఇక అనుమానప్రమాణము. కొండ, పొగ, నిప్పు అను శాస్త్రప్రసిద్ధమైన ఉదాహరణమును మనమెరిగిన చోటికి తెచ్చి చూతము. 1956 నాటి రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణమున మదరాసు రాష్ట్రముననే నిలిచిపోయిన హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో తెలుగు మాటాడు కుటుంబములు నేటికిని పెక్కు గలవు. హోసూరు నుండి కృష్ణగిరికి పోవు బాటసారికి దుర్గమున్న రాతికొండపై పొగ కనబడినదనుకొందము. పొగయున్నచోట నిప్పుండుట వంటయింట చూచియున్నాడు. చెరువున నిప్పును లేదు, పొగయును లేదు. కావున కొండపై నిప్పున్నదని నిశ్చయించును. నిప్పు లేనిచో పొగయు నుండరాదు గదా యని సంశయించువానిని నిలువరించు వాదమునకే తర్కమని పేరు. ప్రతిపక్షమును తాత్కాలికముగ నంగీకరించి, దాని నుండి అసంగతమును రాబట్టి త్రోసిపుచ్చు యూక్లిడు పద్ధతియు నిట్టిదే. అయితే అన్నంభట్టు తర్కమును యథార్థజ్ఞానముగ లెక్కింపలేదు. ప్రమాణమునకు తోడ్పడునది మాత్రమే యనెను.

ఈ జాగ్రత్త హేత్వాభాస ప్రకరణమున మరింత స్పష్టపడును. చెరువుపై లేచిన ఉదయపు మంచును పొగయని భ్రమించినచో హేతువే లేదు, వాదము అసిద్ధము. పుట్టినది గనుక శబ్దము నిత్యమనుట విరుద్ధము. అచ్చట హేతువే సాధ్యమును చంపుచున్నది. ద్రవ్యము గనుక నిప్పు వేడిది కాదనుట బాధితము. చేయి తాకినంతనే ప్రత్యక్షము దానిని కాదనును. ఆకాశపద్మము పద్మమే గనుక పరిమళించుననుట ఆశ్రయాసిద్ధము. పరిమళింపవలసిన పూవే లేదు. తనలో తాను విరోధింపని మాట వేరు, సిద్ధించిన మాట వేరు అనునదే ఈ విభాగమున మనము గ్రహింపవలసిన సారము.

ఆధునిక గణితము వేరొక త్రోవ పట్టినది. 1829లో లొబచేవ్‌స్కీ ప్రకటించిన రేఖాగణితమున, ఒక రేఖకు వెలుపలనున్న బిందువు గుండ ఒకటికి మించిన సమాంతరములు పోవును. కంటికి వింతయైనను, యూక్లిడు గణితమున విరోధము లేనంతవరకు దీనియందును విరోధము లేదని 1868 నాటి బెల్ట్రామి కృషి వలన తేలెను. అవిరోధమే గణితమున అస్తిత్వమని హిల్బర్టు వాదించెను. అంకగణితము నిముడ్చుకొనగల అవిరుద్ధ వ్యవస్థ తన అవిరోధమును తనలోనే నిరూపించుకొనజాలదని 1931లో గోడెల్ స్థాపించెను. గణితజ్ఞునకు అవిరోధము చాలును. దానిని సాధించుటయే ఎంత కష్టమో గోడెల్ చూపెను. నైయాయికునకు అవిరోధముతో పాటు ఆశ్రయమును కావలెను. రెండు నియమములును తమ తమ చోట్ల సరియైనవే. గణితజ్ఞుని నియమమును న్యాయస్థానమునకు తెచ్చుటయే ప్రమాదము.

సాక్షి చెప్పిన కథ మొదటినుండి తుదివరకు పొంతన తప్పకపోవచ్చును. అట్లు జరుగుట సంభవమని మాత్రమే దాని వలన తేలును, జరిగినదని తేలదు. నేర్పుగ అల్లిన అసత్యమునకు పొంతన యెక్కువగనే యుండును. ఈ భేదమును మరచిన తీర్పు నిరపరాధిని చెరసాలకు పంపును. శాసనసభలలో, పత్రికలలో జరుగు చర్చలకును ఇదియే వర్తించును: సంభవమైనదానిని సిద్ధమైనదిగ చెలామణి చేయువారు నేడును కొరవపడలేదు.

కాశీ సంస్కృత కళాశాలకు అధ్యక్షుడైన బాలంటైన్ 19వ శతాబ్దమున తర్కసంగ్రహమును ఆంగ్లీకరించెను. 1897లో బొంబాయి నుండి అఠల్యే పరిష్కరణము వెలువడెను. 1932లో చెన్నపురిలో కుప్పుస్వామిశాస్త్రిగారు ఈ గ్రంథము ననుసరించియే ఆంగ్లమున భారతీయ తర్కప్రవేశిక నొకటి వెలయించిరి. ఆంగ్లము వినా చదువజాలమను వారికిని ఇక సాకు లేదు. న్యాయవాదవృత్తి చేపట్టు ప్రతి తెలుగు యువకుడును సాక్ష్యశాస్త్రముతో పాటు ఈ చిన్న పొత్తమును ఒక్కమారైన చదువుట మేలు.