నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్

తెలంగాణకు జలసిరులు చేకూర్చిన ఇంజనీర్లలో నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ అగ్రగణ్యులు. వారి అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జూలై 11న హైదరాబాదులో జన్మించారు. నిజాం కళాశాలలో చదివి, 1896లో ప్రభుత్వ ఉపకారవేతనంపై ఇంగ్లండు వెళ్ళి, కూపర్స్ హిల్ కళాశాలలో ఇంజనీరింగు విద్య నభ్యసించారు. 1899లో స్వదేశానికి తిరిగివచ్చి ప్రజాపనుల శాఖలో చేరి, 1918లో చీఫ్ ఇంజనీరు పదవి నలంకరించారు.

1908 సెప్టెంబరు 28నాటి మూసీ వరద వేలాది ప్రాణాలను బలిగొన్నది. మరుసటి ఏడు వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు నగరానికి ఎగువన జలాశయాలు నిర్మించవలెనని సూచించారు. మూసీపై ఉస్మాన్ సాగర్ 1920లోను, ఈసీపై హిమాయత్ సాగర్ 1927లోను పూర్తి అయినవి. ఈలోగా 1923లో మంజీరాపై నవాబు గారి మహాకృతి నిజాంసాగర్ ఆరంభమై 1931లో ముగిసింది. దాని ఆయకట్టు సుమారు 2,75,000 ఎకరాలు.

పనులు అనేకం, ధనం, నిపుణులు, వానలు లేని నెలలు పరిమితం. ఏది ముందు, ఏది వెనుక? నదీగర్భంలోని పునాది వర్షాలకు ముందే పైకి లేవకున్న ఏడాది శ్రమ వరదపాలగును. దూరాన కాలువ తవ్వకం పదినాళ్ళు ఆగినా నష్టం స్వల్పం. కనుక ఉన్న కూలీలను, రాతిని, సున్నాన్ని మొదట పునాదికే ఇవ్వవలెను. ఆలస్యాన్ని సహించలేని పనికే అగ్రస్థానమన్నదే ఇందలి సూత్రం.

1957-58లో అమెరికాలో క్రిటికల్ పాత్, పర్ట్ పద్ధతులు వెలువడిన పిమ్మట, పరిమిత వనరులకు ఇట్టి ప్రాధాన్య సూత్రాలను శాస్త్రజ్ఞులు క్రోడీకరించారు. పెద్ద నిర్మాణాలలో సాధ్యమైన క్రమాలన్నింటిని పరీక్షించుట కంప్యూటరుకు సైతం అలవికానిది. అందుచే ఈ సూత్రాలు సర్వోత్తమ క్రమాన్ని హామీ ఇవ్వకున్నా, ఆచరణీయమైన మంచి క్రమాన్ని త్వరగా చూపును. ఆ పేర్లు పుట్టకముందే ఆనకట్టలు కట్టినవారికి ఇట్టి విచక్షణ అనివార్యమైనది.

1938లో ఏర్పడిన జాతీయ ప్రణాళికా సంఘంలో నీటిపారుదల ఉపసంఘానికి నవాబు గారు అధ్యక్షత వహించారు. 1949 డిసెంబరు 6న పరమపదించారు. వారి జన్మదినాన్ని తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకొనుచున్నది.

2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు పరిసరాల కాలనీలు నీట మునిగినవి. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌ల నుండి వచ్చు మన విద్యార్థులకు ఆ దృశ్యం తెలియనిది కాదు. రేపు వారిలో ఇంజనీర్లు కాగలవారు నిధులు చాలవని నిట్టూర్చక, ఉన్న నిధిని ముందు ఏ పనికి వెచ్చించవలెనో నిర్ణయించుట నేర్తురుగాక! అదే ఆ మహనీయునికి నిజమైన నివాళి.