పావులూరి మల్లన

ఏలూరునకు కొద్ది దూరమున పెదవేగి యను గ్రామము కలదు. ఒకప్పుడదియే వేంగీ చాళుక్యుల రాజధాని. పిమ్మట వారు రాజమహేంద్రవరమునకు తరలిరి. అచ్చట క్రీ.శ. 1022 మొదలు 1061 వరకు ఏలిన రాజరాజనరేంద్రుని పేరు వినగానే మనకు నన్నయభట్టు జ్ఞప్తికి వచ్చును. ఇంచుమించుగ ఆ కాలముననే వేఱొక తెలుగుకవి అంకెలను పద్యములలో కూర్చెను. అతడే పావులూరి మల్లన.

పిఠాపురము చెంతనున్న నవఖండవాడను రాజరాజు అగ్రహారముగా ఇచ్చినది ఈ మల్లనకే యని కొందఱును, ఇతని తాతయైన మల్లనకని కొందఱును చెప్పుదురు.

తెలుగున శాస్త్రగ్రంథము వ్రాయు ఆచారము అప్పటికి లేదు. సంస్కృతము రానివారికి గణితశాస్త్రము అందని పండు. తొమ్మిదవ శతాబ్దిన జైనుడైన మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును మల్లన తెనిగించెను. తెనిగించెననుట చాలదు. శివభక్తుడగుటచే జైనమతమునకు చెందిన ఉదాహరణములను మార్చెను; ఒక్క లెక్కకు పలు మార్గములున్నచోట వానిని తగ్గించెను; క్రొత్త లెక్కలు పెక్కు చేర్చెను. 14,28,57,143ను 7చే గుణించిన 1,00,00,00,001 వచ్చును. ఇట్లు హారమువలె ఇరువైపుల ఒకే తీరున నుండు లబ్ధములన్న అతనికి మిక్కిలి మక్కువ.

చదరంగపు లెక్క అతని పేరు నిలిపినది. మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు రెట్టించుచు పోయిన అఱువది నాలుగు గడులలో గింజలెన్ని? మొదటి మూడు గడుల మొత్తము ఏడు. నాలుగవ గడిలో ఎనిమిది. ఏ గడిలోనైనను వెనుకటి మొత్తముకంటె ఒకటి ఎక్కువ. కావున అఱువదియైదవ గడి యున్నచో అందుండవలసిన సంఖ్యలో ఒకటి తగ్గించిన చాలును. ఫలము 1,84,46,74,40,73,70,95,51,615.

ఈ యిరువది అంకెలను మల్లన ఒక్క పద్యమున ఇమిడ్చెను. మన్మథుని బాణములైదు గనుక శరమన్న ఐదు, చంద్రుడొకటి, వేదములు నాలుగు, ఆకాశము సున్న. ఒకట్ల స్థానమునుండి ఎడమకు చదువవలెను. తాటాకుపై అంకె తప్పిన ఎవరికిని తెలియదు. పద్యమున మాట తప్పిన చాలవఱకు ఛందస్సే పట్టియిచ్చును.

ఆ గింజలు వడ్లైనచో, వేయి గింజలు 25 గ్రాములనుకొనినను, బరువు 46 వేల కోట్ల టన్నులు. తాడేపల్లిగూడెము మిల్లులు తరములు ఆడినను తరుగదు. 308 చదరపు కిలోమీటర్ల కొల్లేటిపై పోసిన, ఆ రాశి రెండు కిలోమీటర్లకు మించిన ఎత్తు నిలుచును!

ఈ సంఖ్య అంకెల మొత్తము 87. కావున 3చే నిశ్శేషముగ భాగింపబడును. చివర ఐదుండుటచే 5చే భాగింపబడుట చూడగనే తెలియును. కాని 641చే కూడ భాగింపబడునని ఎవరు ఊహింపగలరు? దాని భాగమైన 4,29,49,67,297ను 641 భాగించునని ఐరోపాలో ఆయిలరు 1732లో కనుగొనెను. అప్పటికి మల్లన పద్యము ఆఱువందల యేండ్ల ప్రాయము దాటినది.