చెల్లో దక్కని చేతులు

డప్పు ఒక కులానిది, సన్నాయి మరొక కులానిది, వీణ ఇంకొక కులానిది అనే కట్టుబాటు మనకు కొత్త కాదు. అమెరికాలో ఆ పంపకం చర్మం రంగును బట్టి జరిగింది. చార్లెస్ మింగస్ జీవితం అందుకు సాక్ష్యం.

1922 ఏప్రిల్ 22న అరిజోనాలోని నొగాలెస్‌లో ఒక సైనికోద్యోగి ఇంట పుట్టిన మింగస్, లాస్ ఏంజెలిస్‌లోని వాట్స్ ప్రాంతంలో పెరిగారు. చిన్ననాడు చెల్లో అభ్యసించారు. ఐరోపా శాస్త్రీయ సంగీతంలో నల్లజాతివాడికి చోటు దొరకదని మిత్రుడు బడ్డీ కాలెట్ హెచ్చరించడంతో బాస్ చేపట్టారు.

బాస్ సాధారణంగా వెనుక నిలిచి లయకు ఊతమిచ్చే వాయిద్యం. దానితోనే మింగస్ బృందాలను నడిపించారు. నల్లజాతి చర్చిగానం, బ్లూస్, డ్యూక్ ఎల్లింగ్టన్ బాణీ, ఐరోపా స్వరరచన, మెక్సికో సంగీతం ఆయన కూర్పుల్లో కలిశాయి. జాజ్ వర్క్‌షాప్‌లో తరచూ స్వరలిపి పక్కనపెట్టి, పాడి వినిపించి నేర్పేవారు. పదకొండు మందితో 1963లో చేసిన ‘ది బ్లాక్ సెయింట్ అండ్ ది సిన్నర్ లేడీ’ ఆ కృషికి శిఖరం.

1957లో లిటిల్ రాక్ పాఠశాలలోకి తొమ్మిదిమంది నల్లజాతి విద్యార్థులు అడుగుపెట్టకుండా ఆర్కన్సా గవర్నర్ ఆర్వల్ ఫాబస్ సాయుధ బలగాన్ని నిలిపాడు. మింగస్ అతడిని ఎగతాళి చేస్తూ ‘ఫేబుల్స్ ఆఫ్ ఫాబస్’ కూర్చారు. 1959లో కొలంబియా సంస్థ మాటలు లేకుండానే దాన్ని విడుదల చేసింది. మరుసటి ఏడాది మింగస్ ఆ మాటలతోనే మరో చిన్న సంస్థకు రికార్డు చేశారు.

ఆయన ఆగ్రహం ప్రతిసారీ న్యాయమైనది కాదు. 1962లో న్యూయార్క్ టౌన్ హాల్ కచేరీకి సిద్ధమవుతూ, తనకు సాయపడుతున్న వాద్యకారుడు జిమ్మీ నెప్పర్‌నే కొట్టి పన్ను విరగ్గొట్టారు. అరకొర సన్నాహాలతో ఆ కచేరీ విఫలమైంది. 1966లో అద్దె గది నుంచి వెళ్లగొట్టినప్పుడు ఆయన సామాను వీధిన పడింది.

నరాల వ్యాధితో చేతులు చచ్చుబడి, 1979 జనవరి 5న మెక్సికోలోని క్వెర్నవాకాలో మరణించారు. భార్య స్యూ ఆయన చితాభస్మాన్ని గంగలో కలిపారు. టౌన్ హాల్‌లో కుప్పకూలిన ఆ బృహత్ రచన ‘ఎపిటాఫ్’ను 1989లో గుంథర్ షుల్లర్ నిర్వహణలో సుమారు 30 మంది కళాకారులు వినిపించారు. వేదిక న్యూయార్క్ లింకన్ సెంటర్, శాస్త్రీయ సంగీతానికి పెద్ద నెలవు.

బాలుడికి మూసిన తలుపు, ఆయన పోయిన పదేళ్లకు ఆయన సంగీతానికి తెరుచుకుంది. ఈ ఆలస్యానికి జవాబు చెప్పవలసింది తలుపు మూసినవారు. మన సంగీత సభలూ, కళాశాలలూ ఈ ప్రశ్నను తప్పించుకోలేవు.